నేను దిద్దిన పెళ్ళితేదీలు

కిందటి మంగళవారం మనవరాలిని లైబ్రరీలో కథలు చెప్పే గంటకి తీసుకెళ్ళాను. అది లోపల పిల్లలతో చేరి కూర్చున్నాక, కాళ్ళు సాగినట్టు ఉంటుందని అటూ ఇటూ తిరుగుతుంటే, వెనక గుమ్మం దగ్గర ఒక మైక్రోఫిల్మ్ మెషీన్ కనబడింది. ‘ఫ్రీ, కావలసినవాళ్ళు పట్టుకెళ్ళవచ్చు’ అని దాని నుదుటికి కాగితం అంటించారు. ఇప్పుడు మేముంటున్న ఈ శాన్ రామన్‌లో దాన్ని ఎవరు పట్టుకెళ్తారు, ఎక్కడ పెట్టుకుంటారు? మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, పాత పేపర్లూ పాత పుస్తకాలూ పేజీ పేజీ ఫొటో తీసి రీలుగా చుట్టేవారు, ఆ రీలు దీనికి తగిలించి పక్కనున్న పిడి తిప్పుతూ తెర మీద చదువుకునేవాళ్ళం. నేను ఆ పిడి మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాను. కథలు అయిపోయి మనవరాలు వచ్చి, “అమ్మమ్మా, వాట్ ఈజ్ దట్?” అని చీర కుచ్చెళ్ళు లాగేదాకా నాకు తెలివి లేదు. దానికేం చెప్పను? మీకైతే చెప్పుకోవచ్చు.

ముప్పై ఏళ్ళ కిందటి మాట. మావారికి ఈ దేశంలో మొదట షామ్‌బర్గ్ ఊళ్ళో ఉద్యోగం, ఆయన హెచ్-వన్ వీసా మీద వస్తే, వెనకాలే నేను డిపెండెంట్ వీసా మీద వచ్చాను. ఎంసీఏలో యూనివర్సిటీ ఫస్టు నేను, గోల్డ్ మెడల్, పైగా హైదరాబాదులో మూడేళ్ళు ప్రోగ్రాములు రాసిన దాన్ని. ఇక్కడ దిగాక మీరు ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదమ్మా అన్నారు. డ్రైవింగ్ రాదు, బయట మోకాలిలోతు మంచు, ఇంట్లో మాట్లాడటానికి ప్రెషర్ కుక్కర్ తప్ప ఎవరూ లేరు. సాయంత్రం మావారు వచ్చి, పాపం మామూలుగానే, ఇవాళేం చేశావు అని అడిగినా నాకు ఒళ్ళు మండిపోయేది. ఏం చేస్తాను, పప్పు చేశాను, దొండకాయ దొరక్క బీన్స్ చేశాను. నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉన్నది లైబ్రరీ ఒక్కటే కాబట్టి, రెండు స్వెట్టర్ల మీద కోటు బిగించుకుని రోజూ అక్కడికి చేరేదాన్ని.

అక్కడి బోర్డు మీద ఒకరోజు ఒక చీటీ చూశాను. కంప్యూటర్ తెలిసిన వాలంటీర్ కావాలి, పాత రికార్డుల పని, ఓపిక ముఖ్యం అని. ఓపిక సంగతి ఎలా ఉన్నా కంప్యూటర్ తెలుసు కదా అని వెళ్ళాను. అలా పరిచయమయ్యారు టీచర్ గారు. డెబ్భై దాటిన మనిషి, హైస్కూల్లో లాటిన్ చెప్పి రిటైరయ్యారు, పెళ్ళి చేసుకోలేదు. తనని పేరుపెట్టి పిలవమన్నారు గానీ, అంత పెద్దావిడని పేరుపెట్టి పిలవడానికి నాకు నోరు రాక టీచర్ గారూ అన్నాను. ఆ ‘గారూ’ ఏమిటని అడిగి, అర్థం చెప్పించుకుని, బాగుంది అదే ఉంచు అన్నారు.

ఆవిడ పని ఏమిటంటే, ఇంగ్లండులో వాళ్ళ పూర్వీకుల పల్లెలో ఒక రాతి చర్చి ఉంది, కట్టి ఏడెనిమిది వందల ఏళ్ళయింది. ఆ ఊళ్ళో పుట్టి కొద్దిరోజులకే బాప్తిస్మం పొందిన ప్రతి బిడ్డ పేరూ, జరిగిన ప్రతి పెళ్ళీ, పాతిపెట్టిన ప్రతి మనిషీ నాలుగు వందల ఏళ్ళకి పైబడి ఆ చర్చి రిజిస్టర్లో ఎక్కుతూ వచ్చారు. రాజుగారి బంధువులు కాదండీ, గొర్రెల కాపరులు, కమ్మరులు, ఇళ్ళల్లో పాచిపని చేసేవాళ్ళు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆ వారం జరిగినవన్నీ ఊరి పెద్దలు చూస్తుండగా రాసి, ఆ పుస్తకాన్ని ఒకే ఓక్ దుంగని తొలిచి చేసిన పెట్టెలో పెట్టి మూడు తాళాలు వేసేవారట. ఒక తాళంచెవి పాదిరీగారి దగ్గర, తక్కిన రెండూ ఇద్దరు పెద్దమనుషుల దగ్గర. ముగ్గురూ కలిస్తే తప్ప పెట్టె తెరుచుకోదు. ఈ మాట విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. నా సంగతి చూడండి, మా ఊరి బళ్ళో హెడ్మాస్టరు గారు అడ్మిషన్‌కి వయసు చాలడానికి వేసిన తేదీయే ఇవాళ్టికీ నా పుట్టినరోజు. ఇక్కడ చూస్తే నాలుగు శతాబ్దాల కిందటి గొర్రెలకాపరి మూడో కూతురికి మూడు తాళాల రికార్డు ఉంది!

ఇంకో సంగతి టీచర్ గారు తెర మీద చూపించినప్పుడు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఒక ఏడు ఊళ్ళో మహమ్మారి వచ్చింది. పేజీలకి పేజీలు చావులే. రాసే గుమాస్తా దస్తూరీ మొదట ముత్యాల్లా ఉండి, రాను రాను వంకర్లు పోయి, ఒకచోట ఆగిపోతుంది. ఆ కిందనే వేరే చేతిరాతలో మొట్టమొదటి ఎంట్రీ, ఆ గుమాస్తా చావు. రాసేవాడు పోతే రాయడానికి ఇంకొకడు కూర్చున్నాడు గానీ పుస్తకం మూసెయ్యలేదు. ఎంత గొప్ప మనుషులండీ వాళ్ళు!

ఆ రిజిస్టర్లలో పాతవి తేమకి పాడై పేజీలు అతుక్కుపోయాయి. మిగిలింది ఎప్పుడో తీసిపెట్టిన ఫిల్మ్ ఒక్కటే. దాన్ని లైబ్రరీ ద్వారా అరువు తెప్పించుకుని, టీచర్ గారు పదకొండేళ్ళు కూర్చుని, ఆ పాత గొలుసుకట్టు రాతని ఒక్కొక్క ఎంట్రీకి ఒక్కొక్క కార్డు చొప్పున తిరగరాశారు. రికార్డుల దగ్గర సిరా వాడకూడదని నియమం కాబట్టి అన్నీ పెన్సిల్‌తోనే. చెప్పుల డబ్బాల నిండా కార్డులు. క్రిస్మస్‌లోగా అచ్చు ప్రతి పంపిస్తానని ఆ చర్చి పాదిరీగారికి మాటిచ్చారు, ఎందుకంటే ఆ ఊరివాళ్ళ దగ్గరే తమ ఊరి చరిత్రకి చదవగలిగే ప్రతి లేదు. ఈలోగా ఆవిడ కళ్ళు పోవడం మొదలుపెట్టాయి. చూపు మధ్యలో మసక మచ్చ, అది రోజురోజుకీ పెద్దదవుతోంది. వచ్చే శీతాకాలానికి చదవలేరని డాక్టరు చెప్పేశాడు. అంటే ఆ పదకొండేళ్ళ పని ఇక నా చేతుల్లో ఉందన్నమాట.

చేతులంటే మామూలు చేతులా, గోల్డ్ మెడల్ చేతులు. కార్డులు ఇంటికి తెచ్చుకుని, మావారి పాత కంప్యూటర్లో టకటకా ఎక్కించేశాను. తేదీల వరసలో సార్ట్ చేశాను. ఊరికే సార్ట్ చేస్తే గొప్పేముంది, తప్పులు పట్టుకునే ప్రోగ్రాం కూడా రాశాను. బాప్తిస్మం కన్నా ముందు చావు ఉండకూడదు, పెళ్ళి కన్నా ముందు బిడ్డ ఉండకూడదు. ప్రోగ్రాం నడిపితే స్క్రీన్ నిండా ఎర్ర గీతలు! ఏప్రిల్‌లో పెళ్ళయిన జంటకి అదే ఏడు జనవరిలో బిడ్డ. అక్టోబరులో బాప్తిస్మం అయిన పిల్లవాడు అదే ఏడు ఫిబ్రవరిలో పోయాడు. అయ్యో రామా, పుట్టకముందే పోవడమేమిటి?

నాకు వెంటనే తోచింది ఒక్కటే, పాపం కళ్ళు కనబడక టీచర్ గారు తప్పుగా ఎక్కించుకున్నారు. అడిగితే మనసు కష్టపెట్టుకుంటారు. అందులో పెళ్ళికి ముందు పిల్లల సంగతి, అదీ ఆవిడ పూర్వీకుల సంగతి, ఎదురుగా కూర్చుని ఎలా అడుగుతాం? పెద్దవాళ్ళ తప్పు పదిమందిలో పెట్టకుండా సర్దేయడమే మర్యాద అని కదా మనల్ని పెంచింది. సర్దేశాను. ఒకచోట పెళ్ళిని ఒక ఏడు వెనక్కి జరిపాను. ఇంకోచోట జనవరి కాదు జూన్ అయ్యుంటుందని మార్చాను. మరోచోట చావుని ఏడాది ముందుకి తోశాను. కంప్యూటర్లో మార్చి ఊరుకున్నానా, కార్డుకీ కంప్యూటర్‌కీ తేడా ఉండకూడదని రబ్బరు పెట్టి కార్డుల మీదా చెరిపి, ఆవిడ రాతలా గుండ్రంగా మళ్ళీ రాశాను. ఎన్ని మార్చానో, ఏది మార్చానో చీటీ కూడా రాసుకోలేదు. నెల రోజులు పట్టింది. ఎర్ర గీతలన్నీ పోయాక కాఫీ కలుపుకుని తాగి, ఒక పుణ్యం చేశాననుకున్నాను కూడా. నా మొహం, పుణ్యం!

ఆ ఏడు ఉగాది మార్చి నెలాఖరులో వచ్చింది. డెవాన్ స్ట్రీట్‌లోని మనవాళ్ళ కొట్ల నుంచి ఎవరో తెచ్చిపెట్టిన రాయిలాంటి మామిడికాయ, అమ్మ పొట్లం కట్టి ఇచ్చిన ఎండు వేపపువ్వు వేసి పచ్చడి చేసి, ఒక డబ్బాలో టీచర్ గారికి పట్టుకెళ్ళాను. రీళ్ళ గదిలో తినుబండారాలు రానివ్వరు కాబట్టి, బయట వరండాలో బల్ల మీద కూర్చుని ఆవిడకి చెంచాతో పెట్టి, ఇవాళ మాకు కొత్త సంవత్సరం టీచర్ గారూ అన్నాను. చేదుకి ముఖం చిట్లించి, పులుపుకి నవ్వి, ఆవిడ అన్నారు కదా, “మా పల్లెలోనూ ఒకప్పుడు అంతే. వాళ్ళ సంవత్సరం మార్చి ఇరవై అయిదుకి మొదలయ్యేది. జనవరి, ఫిబ్రవరి అంటే ఏడాది చివర. నీకు చెప్పాననుకుంటాను?”

చెప్పలేదు. చెంచా నా చేతిలోనే ఉండిపోయింది. ఏప్రిల్‌లో పెళ్ళి, ఆ తరవాత తొమ్మిది నెలలకి, అదే సంవత్సరం చివర జనవరిలో బిడ్డ. ఎంత చక్కగా ఉంది! అక్టోబరులో పుట్టిన పసివాడు ఆ చలికాలమే, ఫిబ్రవరిలో పోయాడు. వాళ్ళంతా సరిగ్గానే పుట్టారు, సరిగ్గానే పోయారు, టీచర్ గారు సరిగ్గానే రాశారు. గోడకి తెలుగు క్యాలెండరు ఒకటీ ఇంగ్లీషుది ఒకటీ తగిలించుకుని, చైత్రంతో ఏడాది మొదలని పుట్టినప్పటి నుంచీ తెలిసిన మనిషిని, నాకు ఆ ఊహే రాలేదంటే ఏం చెప్పమంటారు! తలనొప్పిగా ఉందని చెప్పి ఇంటికొచ్చి, బాత్రూంలో కూర్చుని ఏడ్చాను.

మావారికి చెబితే ఆయన తేలిగ్గా తీసిపారేశారు. “నాలుగొందల ఏళ్ళ కిందట పోయినవాళ్ళు లేచొచ్చి నిన్నడుగుతారా? ఆవిడకి ఎలాగూ కనబడదు. ప్రింట్ తీసి ఇచ్చెయ్.” నిజమే, ఆవిడకి కనబడదు. అదే నన్ను కోసింది. ఆయన మీద గయ్యిమని లేచి, రెండు రోజులు మాట్లాడటం మానేసి, మూడో రోజు డబ్బాలన్నీ ఆయన చేతే కారులో వేయించుకుని మళ్ళీ లైబ్రరీకి వెళ్ళాను. నా జీవితంలో అంత కష్టమైన మాట మరొకటి ఆడలేదు. అన్నీ చెప్పాను, రబ్బరు సంగతి, ఆవిడ రాతని అనుకరించిన సంగతి కూడా.

టీచర్ గారు అరిచి ఉంటే బాగుండేది. కార్డు ఒకటి తీసి ముఖానికి దగ్గరగా పెట్టుకుని, చెరిపినచోట వేలితో తడుముతూ ఉండిపోయారు. నేను తల దించుకున్నాను. చివరికి, “ఆ గుమాస్తాలు కూడా తప్పులు రాశారు. కానీ ఎవరూ చెరపలేదు. తప్పు మీద ఒక్క గీత గీసేవారు, తప్పేమిటో కూడా కనబడేలాగ. పక్కన ఒప్పు రాసి సంతకం పెట్టేవారు,” అన్నారు. నేను తల ఊపాను. “పిడి నువ్వు తిప్పు. మళ్ళీ మొదటి నుంచీ చదువుదాం,” అన్నారు ఆవిడ.

అంతే, ఇంకొక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి వేసవి, ఆకులు రాలే కాలం, మొదటి మంచు దాకా వారానికి అయిదు రోజులు, కార్డులు పక్కన పెట్టుకుని చదివాం. ఆ పాత గొలుసుకట్టు నాకు రాదు, వచ్చిన ఆవిడకి కనబడదు. తెర మీద అక్షరం ఎలా ఉందో నేను ఆవిడ అరచేతిలో వేలితో రాసేదాన్ని, ఆవిడ కళ్ళు మూసుకుని అది ఏ అక్షరమో చెప్పేవారు. మొదట్లో రోజంతా కూర్చున్నా ఒక పేజీ తెమిలేది కాదు. నాలుగు నెలలు తిరిగేసరికి నేనే గడగడా చదివేస్తుంటే ఆవిడ వింటూ ఉండేవారు. దిద్దవలసిన కార్డు దొరికినప్పుడల్లా నా తప్పు మీద ఒక్క గీత గీసి, పక్కన అసలు తేదీ రాసి, కింద నా పొడి అక్షరాలు పెట్టేదాన్ని. మొదటి వారం ప్రతి సంతకానికీ ముఖం ఎర్రబడేది, తరవాత తరవాత అలవాటయింది.

నేను మార్చిన పెళ్ళిళ్ళు ఒక్కొక్కటే తిరిగి వాటి చోటికి వచ్చాయి. మార్చి నుంచి లెక్కేస్తే అన్నీ అమరిపోయాయి. ఒక్కటి తప్ప. నవంబరులో ఒక మధ్యాహ్నం, బయట సన్నగా మంచు పడుతుండగా, ఫిబ్రవరి నెల చదువుతున్నాను. ఒక మగబిడ్డకి బాప్తిస్మం, తల్లి పేరు ఉంది, తండ్రి పేరు లేదు, పెళ్ళి కాని తల్లి అని గుమాస్తా విడిగా రాశాడు. ఇంటిపేరు చూస్తే టీచర్ గారిదే. ఆవిడ వంశం మొదలయింది ఆ పిల్లవాడితోనే అని ఆవిడే ఒకసారి చెప్పగా నాకు తెలుసు. తొలిసారి నేను సర్దినవాటిలో ఇదీ ఒకటి. ఏదో పెళ్ళిని లాక్కొచ్చి ఆ తల్లికి అతికించాను. ఆవిడ చూడలేరు, నేను దాటేసి కింది వరస చదివితే అడిగేవాళ్ళు లేరు. పిడి మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆఖరికి గొంతు సవరించుకుని, ఉన్నది ఉన్నట్టు చదివేశాను.

టీచర్ గారు కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. “ఆ ఎంట్రీ నాకు కంఠతా వచ్చు. నువ్వు చదువుతావా లేదా అని వింటున్నాను,” అన్నారు. తరవాత చెప్పారు. వాళ్ళ నాన్నగారింట్లో గోడకి అద్దం కట్టి తగిలించిన వంశవృక్షంలో ఆ పిల్లవాడికి ఒక పెద్దమనిషిని తండ్రిగా రాసి, తల్లి పేరు లేకుండా చేశారట. చిన్నప్పటి నుంచీ ఆ ఖాళీ చూసి, తల్లి ఎవరని అడిగితే ఎవరూ చెప్పేవారు కాదట. ఆమె కోసమే ఈ పని మొదలుపెట్టాను, తక్కిన ఊరంతా దారిలో కలిసింది అన్నారు. “ఫిబ్రవరి చలిలో, ఊరంతా చూస్తుండగా బిడ్డని ఎత్తుకుని గుమ్మం ఎక్కింది. గుమాస్తా ఆమెను చూసి పుస్తకం మూసెయ్యలేదు. మళ్ళీ చదువు,” అన్నారు. మళ్ళీ చదివాను. ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు, నేనూ తుడుచుకున్నాను.

క్రిస్మస్‌కి వారం ముందు అచ్చు ప్రతి వెళ్ళింది. చివరి పేజీ ఆవిడ డిక్టేట్ చేస్తే నేను టైపు చేశాను. ఏ కార్డులు ఎవరు చెరిపారో, ఎందుకు చెరిపారో, మళ్ళీ ఎలా చదివారో, నా పూర్తి పేరుతో సహా. ఇదెందుకు టీచర్ గారూ, పరువు పోతుంది అంటే, పోదు ఉంటుంది అన్నారు. మూడేళ్ళకి ఆవిడ పోయారు. నాకు గ్రీన్‌కార్డు వచ్చి ఉద్యోగంలో చేరి, పెద్ద పెద్ద కంపెనీల డేటా చూసి రిటైరయ్యాను. కానీ పని అంటే ఏమిటో నేర్చుకున్నది ఆ జీతం లేని ఏడాదిలోనే.

ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి, సిగ్గుగా ఉన్నా. ఆ నవంబరు మధ్యాహ్నం ఇంటికి నడిచి వస్తుంటే నాకు మా నాన్నగారింట్లో ఉండే నోటుపుస్తకం గుర్తొచ్చింది. మా తాతగారు తన పిల్లలు పుట్టిన తిథీ, నక్షత్రం, ఘడియలతో సహా రాసిపెట్టిన పుస్తకం. అందులో నాన్నగారి పేరు కింద ఒక వరస మీద సిరా పూసి పూసి కాగితం చిరిగిపోయింది. చిన్నప్పుడు ఇదేమిటని అడిగితే నాయనమ్మ చేతిలోంచి పుస్తకం లాక్కుంది. నాన్నగారికి ఒక చెల్లెలు ఉండేదనీ, పెళ్ళి కాకుండానే ఏదో జరిగి ఇల్లు వదిలిపోయిందనీ, ఆ పేరు ఇంట్లో ఎత్తకూడదనీ పెద్దయ్యాక గుసగుసగా విన్నాను. ఆ ఆదివారం ఫోన్ కార్డు మీద నంబరు గీకి నాన్నగారికి ఫోన్ చేసి, అత్త పేరేమిటి నాన్నా అని అడిగాను. “ఇప్పుడెందుకమ్మా అవన్నీ,” అన్నారు. ఆయన గొంతు వినేసరికి నాకు జాలేసింది. సరే నాన్నా అని, అక్కడ వానలు పడుతున్నాయా అని అడిగాను.

మా మనవరాలు పుట్టిన నిమిషానికే దాని చేతికి పట్టీ కట్టి, పేరు కంప్యూటర్‌కి ఎక్కించారు. దాని ఫొటోలే వేల కొద్దీ ఉన్నాయి మా అమ్మాయి ఫోన్లో. ఈ కాలంలో ఒక మనిషి పుట్టనేలేదని అనిపించడం ఎవరి తరమూ కాదు. మంచిదే. కిందటి వారం ఇంటికొచ్చాక కూర్చుని, అమ్మాయి కోసం మా వంశం అంతా తెలిసినంతవరకూ టైపు చేశాను. నాన్నగారి పక్కన ‘ఒక చెల్లెలు’ అని రాశాను. పేరు దగ్గర ఆగిపోయాను. నాన్నగారు పోయారు, నాయనమ్మ ఎప్పుడో పోయింది, నోటుపుస్తకం ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఏమయిందో తెలియదు. నాలుగు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లీషు పల్లెలో, తండ్రి లేని బిడ్డని ఎత్తుకుని చర్చి మెట్లెక్కిన పిల్ల పేరు నాకు ఇవాళ్టికీ కంఠతా వచ్చు. మా మేనత్త పేరు నాకు తెలియదు.